పరాయి ఇండ్లు సర్దిన పదమూడేండ్లు

రిటైర్ అయిన అని చెప్తే మా బోరబండ గల్లీల అందరు నవ్వుతున్నరు. ముప్పై నాలుగేండ్లకు రిటైర్ ఏంది స్వరూపా, సర్కారు నౌకరీ చేసినవా అని. సర్కారు నౌకరీ కాదు. పదో తరగతి తప్పి, మిషన్ కుట్టుడు నేర్చుకొని, ఫిల్మ్‌నగర్‌ల సెట్లు అలంకరించే పనిల చేరిన. అండ్ల ఆరేండ్లు. తర్వాత ఏడేండ్లు నా సొంతంగ, జూబ్లీహిల్స్ చుట్టుపక్కల ఇండ్లకు తక్కువ ఖర్చుల కొత్త కళ తెచ్చే పని. పాత రంగు గీకుడు, అల్మారాలు దులుపుడు, పరదాలు విప్పి ఝాడించుడు. పదమూడేండ్ల దుమ్మంత నా ఊపిరితిత్తులల్ల జమైంది. ఇప్పుడు గీకిన సున్నం పొడి తగిల్తే చాలు, దగ్గు ఆగదు. ఇంక ఇండ్లల్లకు పోవద్దని డాక్టర్ చెప్పిండు. ఇంట్ల కూసొని పరదాలు కుడుత, గంతే.

ఈ పనిలకు ఇప్పుడు మస్తు మంది ఆడపిల్లలు వస్తున్నరు. ఫోన్ల వీడియోలు చూసి వస్తున్నరు. ఆ వీడియోలల్ల ఇల్లు అర నిమిషంల మారిపోతది. మారేటప్పుడు ఇంటోళ్లు మన వెనక ఎట్ల తిరుగుతరో, మనం లోపలి రూంలకు పోంగనే, చూస్తున్నమని తెలిసేటట్టు ఎట్ల దగ్గుతరో అది మాత్రం చూపించరు. ఎవ్వరు చెప్పరు గనక నేనే చెప్త.

మాస్టర్ ఫోటోలు

నాకు పని నేర్పింది యాదగిరి మాస్టర్. సెట్ల పరదా రంగు నుంచి పూలకుండీ దాక ఏది ఎక్కడ ఉండాలెనో ఆయననే చెప్తుండె. ఎవ్వర్నీ నమ్మడు. చాయ్ తెచ్చినోడిని గూడ, ఇందాక తెచ్చింది నువ్వేనా అని అడుగుతుండె.

షూటింగుకు బంగ్లాలు కిరాయికి తీసుకుంటరు గదా. ఉన్న సామాను జరిపి, సినిమాకు కావల్సినట్టు మారుస్తం. అయిపోయినంక మళ్ల ఎట్ల ఉండెనో అట్లనే పెట్టాలె. దానికి ఒక పద్ధతి ఉంది. ఒక్క పుల్ల ముట్టక ముందే ప్రతి మూలకు ఫోటో తీసుకోవాలె. టీపాయి మీద రిమోట్ ఏ దిక్కు చూస్తుందో, దేవుడి గూట్ల ఏ పటం ఎటు పక్క ఉందో, సోఫా మెత్త ఏది పైకి ఉందో, అన్ని. తలుపుల వెనక గూడ.

మొదటిసారి నాకు నవ్వొచ్చింది. అల్మారా మీద ఒక పగిలిన కప్పు ఉంటె దానికి గూడ ఫోటో తీయమన్నడు. పగిలిన కప్పు ఎవరికి కావాలె మాస్టర్ అన్న.

"ఇయ్యాల అది పగిలిన కప్పు," అన్నడు మాస్టర్. "రేపు మనం పోయినంక అది వాళ్ల తాత తెచ్చిన కప్పు. తియ్యి ఫోటో."

అట్లనే అయ్యింది. మూడో రోజు ఆ ఇంటాయన వచ్చి, కప్పుకు పగులు ఎవరు పెట్టిన్రని అడిగిండు. మాస్టర్ ఫోన్ తీసి ముందర పెట్టిండు. ఆయన చూసి, సరే సరే అనుకుంట పోయిండు. మాఫ్ చెయ్యమనలే. మాస్టర్ గూడ అది ఎదురు చూడలే.

"ఇంటోళ్లు మనల్ని దొంగలే అనుకుంటరు పిల్లా. అనుకోనీ. నీ ఫోటో నీ కాడ ఉంటె నీకేం ఫికర్ లేదు." ఆయన చదువు మొత్తం ఇంతే. నేను దాన్ని ఒక్కసారే తప్పిన. ఆ ఒక్కసారి గురించే ఇది రాస్తున్న అనుకోండ్రి.

ఒక్క పక్కనే రంగు

దానికి ముందు ఇంకో తప్పు చెప్పాలె, చెప్పకుంటె నేను పెద్ద తెలివిగల్లదాన్ని అనుకుంటరు.

సొంతంగ పట్టిన మొదటి ఇల్లు శ్రీనగర్ కాలనీ దిక్కు, ఒక బ్యాంకు మేడంది. హాల్ జర వెలగాలె, ఖర్చు తక్కువ కావాలె అన్నది. నేను సెట్ పని లెక్కనే చేసిన. సెట్ల గోడకు కెమెరా చూసే పక్కనే రంగేస్తరు. వెనక చెక్కలు, మేకులు అట్లనే ఉంటయి, ఎవరు చూస్తరని. తలుపుకు ముందు పక్క మంచి నీలం రంగు కొట్టిచ్చిన. పరదాకు లోపలి పక్క మంచి బట్ట, కిటికీ దిక్కు చింపిరి బట్ట. సోఫాకు ముందర కవర్, వెనక పిన్నులు. నేను నిలబడ్డ కాడికెల్లి చూస్తే ఇల్లు సినిమా లెక్క ఉంది.

మేడం వచ్చింది, చూసింది, బాగుంది స్వరూపా అన్నది. తర్వాత బెడ్రూంలకు పోయి తలుపేసుకుంది. లోపలికెల్లి అడిగింది, ఈ పక్క తలుపుకు రంగు ఎవరేస్తరు, మా అత్తనా అని.

ఇంట్ల మనిషి కెమెరా కాదు. కూసుంటది, వంగుతది, తలుపు రెండు దిక్కులకెల్లి చూస్తది, సోఫా కిందికి చీపురు పెడ్తది. సెట్ల నేర్చుకున్న చెయ్యి ఇంట్ల ఎప్పుడూ మోసం చెయ్యాలనే చూస్తది. నా చెయ్యి మీద నాకు అనుమానం మొదలైంది అక్కడనే. అది మంచి అనుమానం.

గోడ మాట నమ్మొద్దు

ఇప్పుడు పని సంగతి. తక్కువ ఖర్చుల ఇల్లు మార్చాల్నంటె ముందుగాల ఏది కొనొద్దు. కొనే ముందు తీయాలె. హాల్ల ఉన్న సామానుల మూడోవంతు తీసి ఒక రూంల పెట్టి, రెండ్రోజులు తలుపేసి ఉంచుర్రి. ఇంటోళ్లు ఏది అడుగుతరో అదే మళ్ల బయటికి తెండ్రి. మిగిలినయి ఎవ్వరు అడగరు. ఒక ఇంట్ల పెద్ద గాజు చేప బొమ్మ ఉండె, దాని మీద అందరికి పానం అన్నరు. వారం దినాలు అది కనపడకుంటె ఒక్కరు అడగలే.

గోడను చూసి నమ్మొద్దు. అరచెయ్యి ఆనిచ్చి చూడుర్రి, సల్లగ తగిలితె నీళ్లు దిగుతున్నట్టు. ముక్కు పెట్టి వాసన చూడుర్రి. కిరాయికి ఇచ్చే ఓనర్లు చెమ్మ మీదనే రంగేయిస్తరు, అల్మారా పెట్టి దాస్తరు. చెమ్మ పోకముందే రంగేస్తే వానకాలంల మీ పేరు మీద పొక్కులొస్తయి.

తెల్ల రంగును అస్సలు నమ్మొద్దు. దుకాణంల చిన్న ముక్క మీద పాల లెక్క ఉంటది, ఇంట్ల గోడకు కొడితే దవఖాన లెక్క అయితది. ఏ రంగైనా ఒక చిన్న డబ్బా తెచ్చి గోడకు చారెడంత కొట్టి, పొద్దుగాల చూడుర్రి, మధ్యాహ్నం చూడుర్రి, లైటేసినంక చూడుర్రి. మూడు పూటలు మూడు రంగులుంటయి. మూడు పూటలు నచ్చినదే మీ రంగు. అన్ని గోడలకు అక్కర్లేదు. కూసున్నప్పుడు ముఖం ఏ గోడ దిక్కు ఉంటదో దానికొక్క దానికి కొడితే చాలు. కాని ఆ గోడ మొత్తం కొట్టాలె, అల్మారా వెనక గూడ. నాకు బ్యాంకు మేడం యాదికొస్తది.

బల్బు మార్చితె సగం పని అయితది. అందరి ఇండ్లల్ల నీలం నీలం తెల్ల లైట్లు, మనుషులు జరమొచ్చినట్టు కనిపిస్తరు. పసుపు వెలుగు పెట్టి, ఒకటి పైన, ఒకటి మూలకు కింద పెట్టుర్రి.

ఇంక బట్టలు. ఇంటికి కొత్తదనం అంటె చేతికి తగలాలె, కంటికొక్కదానికే కాదు. నున్నటి సోఫా మీద గరుకు బట్ట మెత్త, గరుకు గోడ ముందర మెరిసే ఇత్తడి చెంబు. అల్మారాల పడున్న నేత చీరలు, నారాయణపేటవో పోచంపల్లివో, అంచు చినిగినయి అందరి ఇండ్లల్ల ఉంటయి. ఒక చీరతోని నాలుగు మెత్తలకు కవర్లొస్తయి, రెండు చీరలైతె కిటికీకి పరదా. పాత బట్టలు పారేయొద్దు. మా అమ్మ పాత చీరలు ఒకదాని మీద ఒకటేసి బొంతలు కుడుతుండె. నేను పాత అంగీలు, పంచెలు, చీరలు కలిపి కుక్కి, నేల మీద కూసునేటందుకు గుండ్రటి పెద్ద మెత్తలు చేస్తుంటి. దూది ఖర్చు లేదు, బట్టలు సర్దుడైపోతది, హాల్ నిండుతది. ఒకటే పనికి మూడు లాభాలు. నాకు పేరొచ్చిందే ఆ మెత్తలతోని. పరువు పోయింది గూడ వాటితోనే.

ఇంకొకటి. తలుపు వెనక ఏది వేలాడొద్దు. నైటీలు, బెల్టులు, సంచులు. గది ఎంత సర్దినా తలుపేయంగనే అంగడి కనిపిస్తది. అక్కడున్నయి అన్ని తీసి మడత పెట్టాలె. ఈ మాట నేను ప్రతి ఇంట్ల చెప్తుంటి. జర యాదిపెట్టుకోండ్రి, మళ్ల వస్తది.

వసుంధర మేడం ఇల్లు

జూబ్లీహిల్స్ అంటె అన్ని బంగ్లాలే అనుకుంటరు. ఫిల్మ్‌నగర్ దిక్కు దిగితె పాత అపార్టుమెంట్లు మస్తుంటయి. సినిమాలల్ల పని చేసినోళ్లు అప్పట్ల కొనుక్కున్న రెండు బెడ్రూంల ఫ్లాట్లు. వసుంధర మేడంది అట్లాంటిదే. ఆమె భర్త కెమెరామన్. పోయి రెండేండ్లు. ఆదివారం నాడు ఆయన పేరు మీద శిష్యులందరు ఇంటికొస్తరు, అంతలోపట హాల్ జర మనుషులున్న ఇల్లు లెక్క కావాలె అని పిలిచింది. ఆయన లైట్ మీటర్ ఒకటుందంట. వెలుతురు కొలిచే చిన్న డబ్బా, అరచేతుల పడ్తది, మీద తెల్ల బుడిపె. దాన్ని అందరి ముందర పెద్ద శిష్యుడి చేతుల పెట్టాలని ఆమె కోరిక. సారు పోయే ముందు చెప్పిన మాటంట.

మేడం కోస్తా దిక్కు మనిషి, మాట నెమ్మది. మొదటి దినం నేను ఫోన్ తీసి ఫోటోలు మొదలుపెడ్తే చెయ్యి అడ్డం పెట్టింది.

"హాల్లో తీసుకో. బెడ్రూంలో ఫోటోలు వద్దమ్మా. నీ మీద నమ్మకం లేకపోతే ఇంట్లోకి రానిస్తానా?"

ఎవరన్న నమ్మకం అని నోరు తెరిచి చెప్తే నాకు అనుమానమే. కాని పెద్దమనిషి, సరే అన్న. బెడ్రూంల ఫోటో లేకుంట పని చేసిన. పదమూడేండ్లల్ల అదొక్కటే రూం.

ఆ ఇంట్ల వంట చేసేది అంజమ్మ. షేక్‌పేట పాత ఊర్ల ఉంటది, యాభై దాటినై. పన్నెండేండ్ల సంది ఆ ఇంట్లనే. నేను పోయిన మొదటి గంటనే నా సంచి దిక్కు చూసి, అండ్ల ఏమున్నయి బిడ్డా అని అడిగింది. టేపు, కత్తెర, చాక్‌పీసులని చూపించిన. నేను గూడ ఆమెను చూస్తనే ఉన్న. ఇద్దరం పిల్లుల లెక్క. కాని మధ్యాహ్నం తన పళ్లెంలకెల్లి నాకు పచ్చిపులుసు పోసింది, మేడం ఇంట్ల చప్పిడి తిండి, నువ్వు తినలేవని.

రెండు దినాలల్ల హాల్ మారింది. సారు ఎప్పుడు కూసుండే కుర్చీ వెనక గోడకు మట్టి రంగు. మేడం పాత మంగళగిరి చీరలతోని పరదాలు. బెడ్రూం అల్మారా అడుగు అరల సారు పాత బట్టలున్నయి, అవి వాడుకోమని మేడమే చెప్పింది. వాటితోని రెండు పెద్ద మెత్తలు కుట్టిన. తలుపు వెనక గూడ నాలుగైదు వేలాడుతున్నయి. తీసిన, మడత పెట్టిన. ఒక చేతుల్లేని జాకెట్ ఉండె, సంకల చినిగింది, జేబులే జేబులు, దళసరి బట్ట. చినిగింది గదా, పాతదే గదా అని దాన్ని గుండ్రంగ చుట్టి మెత్త నడుమ పెట్టి, చుట్టూత పంచెలు కుక్కిన. మెత్తకు మంచి ఆకారమొచ్చింది. గట్టిగ తగిలితె, గుండీలు గావచ్చు అనుకున్న.

అడిగితె అయిపోతుండె. అడగలే.

షోకేసుల లేదు

శుక్రవారం పొద్దుగాల పోయేసరికి మేడం హాల్ నడుమ నిలబడి ఉంది. ముఖంల నెత్తురు లేదు. మీటర్ కనిపిస్తలేదన్నది. ఎక్కడుండె మేడం అన్న. షోకేసుల, సారు ఫోటో పక్కన అన్నది.

నేను వచ్చిన దినమే షోకేసుల మీటర్ లేదు. నా ఫోన్ల ఫోటో ఉంది, తీసి చూపించిన. సారు ఫోటో ఉంది, పక్కన ఖాళీ. మేడం ఆ ఫోటో చూసింది, నన్ను చూసింది. అప్పుడు ఆమె అనుమానం ఇంక గట్టిపడ్డది. ఎందుకో నాకు అప్పుడు తెల్వదు. నిజం చూపించినంక గూడ మనిషి గట్ల చూస్తె భయమైతది. ఆ అపార్టుమెంట్లనే ఇంకో ముగ్గురికి ఇండ్లు చేయాలె నేను. ఈ మాట మెట్లు దిగితె, ఫిల్మ్‌నగర్‌ల ఏ తలుపు నాకు తెరుసుకోదు. మా పనిల చేతి నైపుణ్యం తర్వాత, ముందు ఇంట్లకు రానియ్యాలె గదా.

గా భయంల నోరు జారిన. అంజమ్మ అప్పుడే కూరగాయలకు కిందికి పోయింది.

"నిన్న అంజమ్మ కొంగు కింద ఏదో పెట్టుకొని పోయింది మేడం," అన్న. "నేను చూసిన."

అబద్ధం కాదు. నిజంగనే చూసిన. కాని ఏం చూసిన? కొంగు కింద ఒక గడ్డ చూసిన, గంతే. మిగిలింది నా భయం కలిపింది.

పొద్దుమీకి అంజమ్మ ఇంటికి పోయేటప్పుడు గేటు కాడ వాచ్‌మన్ ఆపిండు, మేడం ఫోన్ చేసి చెప్పిందని సంచి, కొంగు కింద ఉన్నది చూపించమన్నడు. నేను వెనకనే ఉన్న, నా పనిముట్లు పట్టుకొని. కింది ఫ్లోర్లోళ్లు ఇద్దరు నిలబడి చూస్తున్నరు. అంజమ్మ కొంగు తీసింది. స్టీలు డబ్బా. మూత తీసింది. పొద్దుటి అన్నం, మీద జర పప్పు. మేడమే రోజు ఇస్తదంట, పారేయకుండ. నా ముందర తీసుకపోవుడు సిగ్గై కొంగు కింద దాచింది.

ఆమె డబ్బా మూత పెట్టి నా దిక్కు చూసింది. తెల్లారి రాలే. వంటింటి తాళంచెవి వాచ్‌మన్‌కు ఇచ్చి పోయిందంట.

మెత్త గుచ్చుకుంది

శనివారం పరదాల అంచులు మిగిలినయి. నేను స్టూలెక్కి పరదా తొడుగుతున్న. మేడం పొద్దుగాల సంది వంటింట్ల తనే గిన్నెలు తోముకున్నది. వచ్చి కొత్త మెత్త మీద కూలబడింది. వెంటనే జరిగింది. మళ్ల జరిగింది.

"ఇందులో ఏం కుక్కావమ్మా? గుచ్చుకుంటోంది."

పాత బట్టలే మేడం అన్న. గుండీలుంటయి అన్న.

"గుండీ కాదు. రాయిలా ఉంది. విప్పి చూడు."

స్టూలు దిగి, కత్తెర తెచ్చి కుట్టు విప్పిన. పంచెలు తీసిన, అంగీలు తీసిన. నడుమ జాకెట్. అది చూడంగనే మేడం లేచి నిలబడ్డది. నా చేతుల్లకెల్లి గుంజుకున్నది. లోపలి జేబుల చెయ్యి పెట్టి తీసింది, తోలు డబ్బా. దాంట్ల మీటర్.

నాకు ముందుగాల సంతోషమైంది, నిజం చెప్త. నేను దొంగను కాదని. తర్వాత మెల్లగ వేరే సంగతి అర్థమైంది.

"మేడం, షోకేసుల అన్నరు గదా?"

ఆమె మీటర్‌ను చీర కొంగుతోని తుడుస్తనే ఉంది. "జాకెట్లో నేనే పెట్టాను. చినిగిన జాకెట్ ఎవరు ముట్టుకుంటారులే అనుకున్నాను."

"ఎందుకు పెట్టిన్రు?"

"నువ్వొస్తున్నావని."

అప్పుడు మొత్తం చెప్పింది. జాకెట్ మాయమైంది గురువారమే చూసిందంట. జాకెట్‌ల దాచిన అని చెప్తే, నమ్మకముందని చెప్పుకుంట దాచిన సంగతి బయటపడ్తది. అందుకే షోకేసు అన్నది. తీసినోళ్లకు అది షోకేసుల లేదని తెలుసు గనక తడబడ్తరు, దొరుకుతరు అని. నేను తడబడకుండ ఫోటో చూపించిన. తీసింది నేనే, ఫోటోతోని ముందే తయారై వచ్చిన అనుకున్నదంట. జాకెట్ ఏదమ్మా అని ఒక్క మాట అడిగితె, మెత్తల ఉంది మేడం అని ఆ గడియనే చెప్తుంటి.

ఆమె దాచింది, నేను కుక్కిన. ఆమె చెప్పలే, నేను అడగలే. నడుమ అంజమ్మ డబ్బా మూత తీసింది. బట్టల జేబులు చూడకుండ కుట్టిన మనిషిని నేను, పక్క మనిషి కొంగు కింద చూసిన. ఈ పనిల గోడను అనుమానించుర్రి, రంగును, బల్బును, మీ చేతిని గూడ అనుమానించుర్రి. మనిషి మీద అనుమానమొస్తె నోట్లనే ఉంచుకోండ్రి. బయటికొచ్చినంక దాన్ని మళ్ల మడత పెట్టలేం.

మేడం అంజమ్మకు ఫోన్ చేసింది. ఎత్తలే. నువ్వు వెళ్లి చెప్పమ్మా అన్నది నాతోని. నాకు ఎక్కడికెల్లి ధైర్యమొచ్చిందో, నేను పోత కాని, ముందుగాల మీరు కిందికి రావాలె మేడం అన్న. గేటు కాడ సంచి వెతికిచ్చిన్రు గదా, గేటు కాడనే చెప్పాలె. ఆమె జరసేపు నన్ను చూసి, చెప్పులేసుకుంది. వాచ్‌మన్‌కు మీటర్ చూపించి, నా ఇంట్లోనే ఉందయ్యా, అంజమ్మది ఏ తప్పూ లేదు, కింద వాళ్లకు కూడా చెప్పు అన్నది. అంత మాట ఆమె ఎన్నడు ఎవరితోని అనుండదు. గా మాటకు ఆమె మీద నాకు గౌరవం.

షేక్‌పేటల అంజమ్మ ఇల్లు దొరకవట్టుకున్న. దర్వాజ కాడనే నిలబెట్టింది. మొత్తం చెప్పిన, నేను నోరు జారింది గూడ, కాళ్లు మొక్కవోయిన. వెనక్కి జరిగింది.

"మేడం అన్నదంటె అన్నది, ఆమె ఇల్లు, ఆమె సామాను. నువ్వు గూడ ఇంటింటికి తిరిగి బతికేదానివే గదా బిడ్డా. నువ్వెందుకన్నవ్?"

ఆదివారం మేడం శిష్యులొచ్చిన్రు, మీటర్ పెద్ద శిష్యుడి చేతుల పెట్టింది. హాల్ మంచిగుందని అందరన్నరంట. అంజమ్మ మళ్ల ఆ ఇంటికి పోలే. బంజారా హిల్స్‌ల వేరే ఇంట్ల చేరింది.

ఆఖరి ఇల్లు

ఏడాది దాటింది. నా దగ్గు పెరిగింది, పనులు ఒప్పుకునుడు బంద్ చేసిన. ఒక దినం ఫోన్ మోగింది. అంజమ్మ. హలో లేదు, ఎట్లున్నవ్ లేదు. "మా రూం గోడ వానకు పాడైంది. నువ్వు చేస్తవంట గదా తక్కువల," అన్నది.

ఇండ్లల్లకు పోవద్దని డాక్టర్ చెప్పి అప్పటికి పది దినాలు కాలే. ముక్కుకు గుడ్డ కట్టుకొని పోయిన.

ఒక్కటే రూం. ముందుగాల గోడకు అరచెయ్యి ఆనిచ్చి చూసిన, పైన రేకుల కాడ సందు కనిపించింది, అది పూడిపిచ్చి వారం దినాలు ఎండనిచ్చినం. తర్వాత ఒక్క గోడకు లేత పసుపు, బియ్యం డబ్బాల వెనక గూడ. బల్బు మార్చిన. మంచం కింది సామానంత రెండు వెదురు గంపలల్ల సర్దిన. ఆమె చీరతోని కిటికీకి పరదా కుట్టిన. రూం వెలిగింది. ఫోటోలు తీద్దామని మొదటి దినం ఫోన్ తీసిన. ఏం చేసుకుంటవో చేసుకో అన్నది. తీసిన. ఈసారి తలుపు వెనక గూడ తీసిన.

ఆఖరి దినం, మెత్త కుట్టుడు మిగిలింది. అంజమ్మ ఇనుప పెట్టెలకెల్లి ఒక మూట తెచ్చి నా ముందర పడేసింది. వాళ్లాయన పాత అంగీలు, లాగులు. నేను ఒకటి తీసి మడత పెట్టవోతె, మూట మీద చెయ్యి పెట్టింది.

"ముందుగాల జేబులు చూడు," అన్నది.

నవ్వుతున్నదా, పొడుస్తున్నదా నాకు తెల్వలే. ఒక్కొక్క అంగీ తీసి, ఒక్కొక్క జేబు బయటికి తిప్పి, ఆమెకు కనపడేటట్టు నేల మీద పరిచిన. బీడీ పొడి. ఒక గుండీ. నానిన బస్సు టికెట్. అన్ని వరుసగ పెట్టి తలెత్తి చూసిన.

అంజమ్మ నా దిక్కు చూస్తలేదు. వెనక్కి తిరిగి చాయ్ గిన్నె దించుతున్నది, రెండు గ్లాసులు పెట్టుకొని.